మూడు రూపాయల రుసుము: ప్రకాశం పంతులుగారి విద్యార్థి దశ

తిరువూరు నుండి విజయవాడ మీదుగా గుంటూరు వైపు పోవు మన విద్యార్థులలో పలువురు కృష్ణానదిపై ప్రకాశం బ్యారేజిని ఎన్నో మార్లు చూచియుందురు. 1957లో పూర్తియైన ఆ ఆనకట్టకు ఎవరి పేరు పెట్టిరో అందరికిని తెలిసినదే. ఒంగోలు ముఖ్యపట్టణముగా గల జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టిరి. 1928లో సైమన్ కమిషన్ రాక సందర్భమున మద్రాసు వీధిలో తుపాకుల యెదుట రొమ్ము చూపిన ధీరుడనియు, 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యనియు పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. మేము ఇచట వ్రాయదలచినది ఆ ఘట్టములను గూర్చి కాదు. ఆయన చదువునకు డబ్బు ఎచ్చటి నుండి వచ్చినదను ఒక చిన్న ప్రశ్నను గూర్చి. కళాశాల కార్యాలయపు కిటికీ ముందు ఫీజు కాగితము చేతబట్టి నిలుచు విద్యార్థికి మాత్రము అది చిన్న ప్రశ్న కాదు.

టంగుటూరి ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. బాలునికి పట్టుమని పండ్రెండేండ్లయినను నిండకమునుపే తండ్రి గతించెను. ఆధారము పోయిన ఆ యిల్లాలు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడుపసాగెను.

పూటకూళ్ళ ఇల్లన నేమో నేటి విద్యార్థులకు చెప్పవలసియుండును. హోటళ్ళు లేని ఆ కాలమున పనులమీద పట్టణమునకు వచ్చిన వారికి పూటకింత యని తీసికొని అన్నము పెట్టు ఇల్లు అది. తెల్లవారక మునుపే పొయ్యి రాజేయవలెను, వంటచెరకు, విస్తళ్ళు, పప్పు, ఉప్పు అన్నియు తానే సమకూర్చుకొనవలెను, ఎందరు వత్తురో తెలియకయే వండవలెను, మిగిలినది నష్టము. అంత శ్రమపడినను ఆ వృత్తికి సంఘమున గౌరవము లేదు. పూటకూళ్ళమ్మ అనుమాట ఎత్తిపొడుపుగా వాడుచుండిరి. మర్యాదగల కుటుంబమున పుట్టిన స్త్రీ కొడుకు చదువు కొఱకు ఆ మాట పడుటకు సిద్ధపడెను. పంతులుగారి చరిత్ర వ్రాసినవారు ఆయన సాహసమునకు పుటలు పుటలు కేటాయించి, ఈ తల్లికి రెండు వాక్యములు విడిచిరని మా ఫిర్యాదు.

ఆ సంపాదన చాలలేదు. బాలుడు వారములు చేసికొనవలసి వచ్చెను. ఏడు దినములకు ఏడు ఇండ్లు. సోమవారము ఒకరింట, మంగళవారము ఇంకొకరింట భోజనము. అట్లు తినుటలో ఆకలి తీరుట ఒక యెత్తు, పిలుపు కొఱకు వాకిట కాచుకొనియుండుట ఇంకొక యెత్తు. ఆ ఇంటివారు ఊరికి పోయినచో ఆ దినము పస్తే. ఇంటివారు చెప్పిన చిన్నపనులు చేయకుండ తప్పదు. మన మహల్లాలలో మసీదు నాశ్రయించి చదువుకొను పిల్లవానికి పూట కొక యింటి నుండి పళ్ళెము పంపు ఆచారము పెద్దలు ఎరిగినదే. రెంటి స్వభావమును ఒకటే. ఒక్క విషయము మఱువరాదు. బ్రాహ్మణుల ఇండ్ల వారములు బ్రాహ్మణ బాలురకే. అదే ఒంగోలులో అదే కాలమున మాల మాదిగ బిడ్డలకు అమెరికన్ బాప్టిస్టు మిషను వారి బడులు తప్ప వేరు గతి లేకుండెను. పేదరికము అందరిదైనను, ఆదుకొను చేయి అందరికిని అందునది కాదు.

ప్రకాశమునకు దొరకిన చేయి ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారిది. ఆయన ఉపాధ్యాయుడు. బాలుని తెలివి గమనించి ఫీజు భారము లేకుండ చదువు సాగునట్లు చూచెను. నాయుడుగారికి నాటకములన్న ప్రాణము. శిష్యునిచే వేషములు కట్టించెను. సన్నని రూపు గల ప్రకాశము స్త్రీ పాత్రలు కూడ ధరించెను. కాలాంతరమున నాయుడుగారు రాజమహేంద్రవరమునకు కాపురము మార్చునపుడు ఈ శిష్యుని వెంట గొనిపోయెను. కులము వేరు, బంధుత్వము లేదు. అయినను కన్నబిడ్డవలె చూచెను. రాజమహేంద్రవరమున నాటకముల సందడిలో, అల్లరి స్నేహములలో పడి చదువు కొంత చెడిన మాటను పంతులుగారే తమ స్వీయచరిత్ర 'నా జీవిత యాత్ర'లో దాచక చెప్పుకొనిరి. సాయము పొందిన బాలుడు ఎల్లప్పుడును బుద్ధిమంతుడై యుండవలెనని నియమము పెట్టు దాతలు ఈ సంగతి గమనింపవలెను. నాయుడుగారు అట్టి నియమము పెట్టియుండినచో ఆ చదువు అచటనే ఆగిపోయెడిది.

ఇక ఆ మూడు రూపాయల ముచ్చట. నాయుడుగారి ఆదరణ లభించిన పిమ్మటను పరీక్ష రుసుము వేరుగ కట్టవలసి వచ్చెను. అది మూడు రూపాయలు. ఇంట లేవు. బావగారు ఇచ్చునేమోనను ఆశతో బాలుడు దూరము లెక్కింపక కాలినడకను పోయి అడిగెను. ఫలము లేకపోయెను. ఉత్త చేతులతో తిరిగివచ్చిన కుమారుని జూచి సుబ్బమ్మగారు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలును తెచ్చి యిచ్చెను. సంవత్సరమంతయు సాగిన చదువు చివరి దినమున ఇంత స్వల్పమైన మొత్తము కడ ఆగబోయినది. మన ఇండ్లలో పట్టుచీరకు మాఱుగా అమ్మీజాన్ చేతి గాజులు, కుట్టుమిషను మీద రాత్రులు కూడబెట్టిన చిల్లర కనబడును. కథ ఒకటే.

ఎఫ్.ఎ. తరువాత నాయుడుగారి ప్రోత్సాహముననే ప్రకాశం గారు మద్రాసు పోయి న్యాయశాస్త్రము చదివిరి. రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున పేరును ధనమును గడించిరి, పురపాలక సంఘాధ్యక్షులునైరి. పై కోర్టులలో వాదించుటకు ఆ పట్టా చాలదు గనుక 1904లో ఇంగ్లండు పోయి, మద్యమాంసములు ముట్టనని తల్లికిచ్చిన మాట నిలుపుకొని, 1907లో బారిష్టరై మరలి వచ్చిరి. మద్రాసులో లక్షలు ఆర్జించిరి. 1921లో వృత్తి విడిచి 'స్వరాజ్య' పత్రిక స్థాపించి ఆర్జించినదెల్ల ఉద్యమమునకు ధారవోసిరి. 1957 మే 20న కన్నుమూయునాటికి ఆయన వద్ద ఆస్తి యనదగినది లేదు. ఈ భాగము అందరెరిగినదే గాన త్వరగా దాటుచున్నాము.

మేము నిలుపదలచిన మాట వేరు. ప్రకాశం గారి చదువు ఆకస్మికముగ తటస్థపడిన సాయములపై నడచినది. నాయుడుగారు ఆ ఊరిలో లేకపోయినచో, పెట్టెలో పట్టుచీర లేకపోయినచో ఏమయ్యెడిది? తెలివిలో ఆయనకు తీసిపోని బాలురు ఆ ఊరిలోనే యుందురు. వారికి నాయుడుగారు దొరకలేదు, అంతే. విద్యార్థి వేతనమనగా ఆ ఆకస్మికమును హక్కుగా మార్చుట. 1913లో బరోడా మహారాజా సయాజీరావు గారి వేతనముపై అంబేడ్కరు గారు అమెరికా పోగలిగిరి. అది దయ కాదు, ఒప్పందము వ్రాసికొని యిచ్చిన వేతనము. ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా నున్న 1954లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఇంటికి దగ్గరగ విశ్వవిద్యాలయ ముండుటయు పేదవానికి ఒక విధముగ వేతనమే.

హక్కుగా వచ్చినదియు నిలకడగ నుండునని చెప్పజాలము. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కేంద్ర ప్రభుత్వము 2022లో నిలిపివేసినది. ఫీజు రీయింబర్సుమెంటు ఉన్నను ఆ సొమ్ము ఆలస్యముగ చేరుట, అంతవరకు తండ్రి అప్పు చేయుట మనకు క్రొత్త కాదు. దరఖాస్తునకు ఆదాయ ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా మూడును ఒకే విధమైన పేరుతో నుండవలెను. మన పిల్లల పేర్లు ఒక కాగితమున షేక్ ముందును, ఇంకొక కాగితమున వెనుకను, మఱియొకచోట అక్షరము తప్పియు నుండుటచే ఎన్ని దరఖాస్తులు మూలబడినవో మేము కన్నులార చూచితిమి. చేరిన మొదటి నెలలోనే ఈ కాగితములు సరిచూచుకొనవలెనని విద్యార్థులకు చెప్పుచున్నాము.

కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటి. పెద్ద ఫీజు కట్టలేక మానివేసినవారు మాకు కనబడుదురు. పరీక్ష రుసుము కట్టలేక చివరి వారము కళాశాలకు రాకుండ పోవువారు కనబడరు. వారు సిగ్గుచే చెప్పరు. రుసుము గడువునకు పది దినములు ముందుగ కట్టనివారి జాబితా కార్యాలయము నుండి అధ్యాపకులకు అందునట్లును, జకాత్ నుండియో చందాల నుండియో ఒక చిన్న నిధి ఏర్పరచి, పేరు బయటపడకుండ ఆ రుసుము కట్టునట్లును ఏర్పాటు చేయవలెను. విద్యార్థులారా, గడువునకు ముందు ఏ మధ్యాహ్నమైనను అధ్యాపకుల గదికి రండు. మేము నలుగురమందుము, ఏకాంతముగ చెప్పదలచినచో ఒక్కరినే పిలువుడు.