న్యూమాకర్ పాదిరి థామస్ రీడుగారు

1737లో స్కాట్లండు దేశమందలి న్యూమాకర్ అను పల్లెకు క్రొత్త పాదిరి వచ్చినపుడు సంఘస్థులు ఆయనను చేర్చుకొనుటకు ఇష్టపడలేదు. ఆ సంఘమునకు కాపరిని నియమించు హక్కు అబెర్డీనులోని కింగ్స్ కాలేజీవారిది. తమ్మును అడుగకయే పంపిరని జనులకు కోపము. థామస్ రీడుగారికి అప్పుడు 27 ఏండ్లు. తండ్రియు పాదిరియే. ఈయన బిడియస్థుడు; తరచుగా పేరుగల బోధకుల ప్రసంగములనే చదివి వినిపించెడివాడు. అయినను ఆయన ఓర్పు, 1740లో ఆయన వివాహమాడిన ఎలిజబెతమ్మగారు రోగులకును బీదలకును చేసిన పరిచర్య, జనుల మనస్సులను మార్చెను. మన సంఘములలోను ఇట్టి అమ్మగార్లు కలరు. 1751లో ఆయన వెళ్లునపుడు, రావద్దని పోరాడినవారే పోవద్దని పోరాడునంతగా ప్రేమించిరి.

కొలొస్సయి 2:8లోని హెచ్చరికనుబట్టి తత్త్వశాస్త్రమనగానే మనలో కొందరము వెనుదీయుదుము. రీడుగారు వెనుదీయలేదు. 1739లో హ్యూముగారు ప్రచురించిన గ్రంథమును ఆ పల్లెలోనే శ్రద్ధగా చదివెను. మనకు తెలియునవి మన మనస్సులోని రూపములేయైన యెడల, బయట చెట్టున్నదని నమ్ముటకు ఆధారమేది? ఇదియే ఆ గ్రంథము పెట్టిన చిక్కు. రీడుగారికి గోడ తిన్నగనే కనబడెను, పునాదియే వంకర. మనము చూచునది మనస్సులోని రూపమును కాదు, చెట్టునే. కన్నులిచ్చిన దేవుడే వాటిని నమ్ము స్వభావమును ఇచ్చెను. దున్నువానికి తెలిసిన ఈ సంగతిని విద్వాంసులు మరచిరి.

కింగ్స్ కాలేజీలో ఒకే ఉపాధ్యాయుడు ఒక తరగతిని మూడేండ్లు నడిపించి, గణితము మొదలు నీతిశాస్త్రము వరకు తానే బోధించవలెను. 1753లో అక్కడ పాఠక్రమమును మార్చినపుడు రీడుగారు అందులో ముఖ్యుడు. ముందు సృష్టిలోని వస్తువులు, లెక్కలు; తర్కము కడపట. చూడని పిల్లవానికి వాదించుట నేర్పి ఫలమేమి?

1764లో ఆయన గ్రంథము వెలువడెను. గులాబి వాసనతో మొదలుపెట్టి అయిదు ఇంద్రియములను వరుసగా పరీక్షించినది. అచ్చుకు ముందే వ్రాతప్రతిని హ్యూ బ్లెయిర్ అను పాదిరిద్వారా హ్యూముగారికే పంపి చూపించెను. ఎదిరివానియెడల ఈ మర్యాద మాకు మిక్కిలి నచ్చినది.

ఆ యేడే గ్లాస్గో విశ్వవిద్యాలయములో ఆడం స్మిత్‌గారి స్థానమున నీతిశాస్త్ర బోధకుడాయెను. 1780లో బోధన మాని, 1785లోను 1788లోను పెద్ద గ్రంథములు రెండు ప్రచురించెను. తొమ్మండుగురు బిడ్డలలో మార్త ఒక్కతెయే మిగిలెను. 1792లో ఎలిజబెతమ్మగారును పోయిరి. చెవులు వినబడని ఆ ముసలితనములో బీజగణితపు లెక్కలు కట్టుచు, 1796 అక్టోబరు 7న ప్రభువునందు నిద్రించెను.