గాలి హోరులో గిడుగు

ఈ వ్యాసం నిజానికి ఒక జత ఇయర్‌ప్లగ్‌లతో మొదలైంది. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి పంతులు గారి మీద ఏదైనా రాయమని మన క్లబ్ వాళ్ళు నాకు పని అప్పజెప్పారు. సరిగ్గా ఆ వారంలోనే నేను బైక్ మీద వెళ్ళేటప్పుడు చెవుల్లో ఏం పెట్టుకోవాలా అని వెతుకుతున్నాను. ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో గాలి శబ్దానికి చెవులు ఎలా పోతాయో ఉంది. రెండోదాంట్లో పంతులు గారికి చెవులు ఎలా పోయాయో ఉంది. ఆయనకి చెవుడు ఉండేదని అప్పటిదాకా నాకు తెలీదు. మీలో ఎంతమందికి తెలుసు?

ముందు నా సంగతి చెప్తాను. మాది పోచంపల్లి. రోజూ ఊరి నుంచి విజయవాడ హైవే ఎక్కి కాలేజీకి వస్తాను. పోను గంట, రాను గంట. సెమిస్టర్ మొదలైన కొత్తలో ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళి హెల్మెట్ తీస్తే రెండు చెవుల్లోనూ కీ అని సన్నటి మోత. మా గల్లీలో మగ్గాలు ఆగిపోయాయి గానీ ఆ మోత ఆగలేదు. నాయినమ్మ చిటికి కడుతూ ఏదో అడిగింది. మూడోసారి అడిగితే గానీ నాకు అర్థం కాలేదు. ఆమెకి డెబ్బై దాటాయి, నాకు పంతొమ్మిది. మా ఇద్దరిలో వినపడనిది నాకు!

నేను ఇంజిన్ శబ్దం అనుకున్నాను. కాదు. స్పీడ్ పెరిగేకొద్దీ ఇంజిన్ చప్పుడుని గాలి మింగేస్తుంది. హెల్మెట్ కింది అంచు దగ్గర, మెడ చుట్టూ గాలి సుడి తిరిగి చెవుల మీద కొడుతుంది. హెల్మెట్ తలని కాపాడుతుంది, ఈ హోరుని మాత్రం పెద్దగా ఆపలేదు. కొలిచినవాళ్ళు చెప్పే లెక్క ఇది: 60 కిలోమీటర్ల స్పీడ్‌లో హెల్మెట్ లోపల చెవి దగ్గర సుమారు 90 డెసిబెల్స్, 160 స్పీడ్‌లో సుమారు 110. నేను 80లో వెళ్తాను, అంటే 95 దగ్గర అనుకోండి. 85 డెసిబెల్స్‌ని రోజుకి 8 గంటలు వినొచ్చట. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1. మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం, రెండు పవర్లు మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజుకి గంట కోటా కూడా లేని చోట నేను రెండు గంటలు వాడుకుంటున్నాను.

చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో పదిహేను వేల దాకా సన్నటి రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకి అందించేవి అవే. చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. బ్యాకప్ లేదు.

ఇప్పుడు రెండో ట్యాబ్.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం వైపు, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డున ఊరు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన విషజ్వరంతో పోయారు. కొడుక్కి అప్పటికి పన్నెండేళ్ళు. ఆ తర్వాత చదువు విజయనగరంలో, మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో. అక్కడ ఆయనతో చదువుకున్న ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు. ఒకే బడిలో ఆ ఇద్దరూ! మన బ్యాచ్‌లో ఎవరున్నారో అని ఒకసారి చుట్టూ చూశాను గానీ వదిలేద్దాం.

మెట్రిక్యులేషన్ అయ్యాక 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకి 30 రూపాయల జీతంతో టీచరుగా చేరారు. నాకన్నా రెండేళ్ళు చిన్న అప్పటికి. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి బి.ఏ. పాసయ్యారు. చెప్పేది చరిత్ర పాఠం. ముఖలింగం గుడి శాసనాల మీద ఉన్న పాత లిపిని ఎవరూ నేర్పకుండానే పట్టుపట్టి చదవడం నేర్చుకున్నారు.

అసలు కథ పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో మొదలైంది. అక్కడ సవరలు ఉంటారు. వాళ్ళ భాష తెలుగుకి గానీ ఒడియాకి గానీ చుట్టం కాదు, ముండా కుటుంబానిది. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని పంతులు గారు తన ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఎలా నేర్చుకుంటారు? వినాలి. వేరే దారే లేదు. సవర భాషలో గొంతు దగ్గర గాలి ఒక్క క్షణం ఆగి తెగే ధ్వని ఒకటుంది. మన అక్షరమాలలో దానికి అక్షరం లేదు. అలాంటిదాన్ని చెవితో పట్టి, ఇది ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట అని తేల్చి రాసుకోవాలి. టేప్ రికార్డర్ లేదు, మళ్ళీ వెనక్కి తిప్పి వినడం లేదు. ఉన్న ఒకే ఒక్క పరికరం ఆయన చెవి.

ఇంట్లో నేర్చుకున్నది చాలదని కొండలెక్కి సవర పల్లెలకి తిరిగారు. ఆ అడవుల్లో ఆయనకి మలేరియా పట్టుకుంది. దోమ వల్ల మలేరియా వస్తుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, అది మీకు తెలిసిందే. పంతులు గారు సవర నేర్చుకోవడం మొదలుపెట్టింది అంతకన్నా ముందు. దోమతెర కట్టుకుంటే చాలని చెప్పేవాళ్ళు లేరు. జ్వరానికి ఉన్న మందు ఒక్కటే, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్. చేదు. ప్రాణం నిలబెడుతుంది. కానీ ఎక్కువగా వాడితే చెవిని దెబ్బ తీస్తుంది, ముందు చెవుల్లో మోత మొదలవుతుంది. చాలామందికి మందు ఆపితే తగ్గిపోతుంది. పంతులు గారికి తగ్గలేదు. వినికిడి దెబ్బతిని జీవితమంతా అలాగే ఉండిపోయింది.

ఈ లైన్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏ భాషని వినడానికి కొండలెక్కారో ఆ కొండలే చెవుల్ని తీసుకున్నాయి. నేనైతే అక్కడితో వదిలేసేవాణ్ణి. ఇది నిజంగా చెప్తున్నా.

ఆయన వదల్లేదు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టి, పంతుళ్ళకి జీతాలు ఇచ్చి, వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని డబ్బు ఇవ్వబోతే, నాకొద్దు, దాంతో వాళ్ళకో బడి పెట్టండి అన్నారట. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని ప్రభుత్వం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువుని 1938లో అచ్చువేసింది. రెండో పుస్తకం వచ్చేనాటికి ఆయన వయసు 75. చెవి బాగా ఉన్న రోజుల్లో విన్నదాన్ని, చెవి పోయాక నలభై ఏళ్ళు కాగితం మీద మోసినట్టు అనిపించింది నాకు.

మన పుస్తకాల్లో ఆయన పేరు వచ్చేది మాత్రం ఇంకో గొడవ వల్ల. 1906-07 ప్రాంతంలో జె. ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఆ వైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్ళో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందని అడిగాడు. పరాయివాడు కాబట్టి ఆ తేడా అతని చెవికి తగిలింది. గిడుగు, గురజాడ, విశాఖపట్నంలో ప్రిన్సిపాల్‌గా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు అతనితో కలిశారు. సవరల భాషని ఉన్నదున్నట్టు రాయడం అలవాటైన మనిషికి తెలుగువాళ్ళ భాషని ఎందుకు ఉన్నదున్నట్టు రాయకూడదో అర్థం కాకపోవడం సహజమే.

పండితులు ఊరుకుంటారా? జయంతి రామయ్య పంతులు గారు ముందుండి 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. విద్యార్థులు పరీక్షల్లో వాడుక భాషలో రాయొచ్చని ప్రభుత్వం ముందు ఒప్పుకుని, గొడవ పెరిగాక వెనక్కి తగ్గింది. 1911లోనే గిడుగు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, ఇక పూర్తిగా ఇదే పని. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. అదే ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెడితే ఆయన కార్యదర్శి. 1925లో ఒక సభలో నాలుగు గంటలు మాట్లాడారట. వ్యాకరణం తప్పకూడదనే పండితుల రాతల్లోనే తప్పులు ఏరి ఒక పుస్తకం వేశారు. వాళ్ళ కోడ్‌ని వాళ్ళ కంపైలర్‌లోనే రన్ చేసి ఎర్రర్లు చూపించడం అన్నమాట.

ఎదుటివాడి మాట సరిగా వినపడని మనిషి ఇరవై ఏళ్ళకి పైగా సభలెక్కి వాదించడం ఎలా ఉంటుందో ఊహించండి. క్లాస్‌లో వెనక బెంచీలో ఉంటే లెక్చరర్ ప్రశ్న వినపడక తల ఊపేస్తాం కదా, ఆ ఇబ్బంది రోజూ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు. ఆయన దాన్ని వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న చనిపోయారు.

ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. ఆయన గెలిపించిన వాడుక భాష పుస్తకాల్లోకి వచ్చేసరికి అందరి వాడుకా కాలేదు. కోస్తా చదువుకున్నవాళ్ళ వాడుకే ప్రమాణం అయింది. మా నల్లగొండ వైపు మాట చాలా ఏళ్ళు సినిమాల్లో నవ్వించడానికే పనికొచ్చింది. ఇది ఆయన తప్పు అనను. కొండ మీది సవర మాటని గౌరవించినవాడు మా నాయినమ్మ మాటని చిన్నచూపు చూడడు.

నాకు ఈ కథ ఎందుకు తగిలిందంటే, నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, పాసైతే చాలన్నట్టు చదివాను. వ్యాకరణం అడిగితే చేతులెత్తేస్తాను. నా దగ్గరున్న తెలుగు కళ్ళతో వచ్చింది కాదు, చెవులతో వచ్చింది. పడుగు, పేక, ఆసు, నాడె, పన్నె, ఇవేవీ నేను బుక్కులో చదవలేదు. ఇంట్లో విన్నాను. ఇలా రాస్తే కూడా తెలుగే అని మీరు ఒప్పుకుంటున్నారంటే అది పంతులు గారి పుణ్యం. చెవులు పోతే నాకు వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి పుస్తకం లేదు.

సరే, చివరికి ఏం కొన్నానో చెప్తాను, బైక్ మీద వచ్చేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి. దూది పనికిరాదు, పెట్టుకున్నామన్న తృప్తి తప్ప హోరు ఆగదు. పాటలు వినే ఇయర్‌ఫోన్స్ అసలే వద్దు, హోరు మీద పాట వినపడాలని వాల్యూమ్ పెంచుతాం, రెండు దెబ్బలు. స్పాంజిలా ఉండే ఫోమ్ ప్లగ్‌లు అన్నిటికన్నా చవక, శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి. ప్యాకెట్ మీద 30 డెసిబెల్స్ అని ఉన్నా అది ల్యాబ్‌లో లెక్క. మనం పెట్టుకునే తీరుకి అందులో సగం వచ్చినా గొప్పే, ఆ సగమే నా 95ని 80కి దింపుతుంది. సిలికాన్‌వి కడిగి మళ్ళీ వాడొచ్చు. సన్నటి ఫిల్టర్ ఉన్నవైతే మాటలు కాస్త స్పష్టంగా వినపడతాయి, రేటు ఎక్కువ. చెవి అచ్చు తీయించి చేయించుకునేవి నా బడ్జెట్‌లో లేవు.

నేను ఫోమ్‌వి తీసుకున్నాను. మొదటి రోజు సగం బయటికే ఉండి హెల్మెట్‌కి తగిలి ఊడిపోయాయి. తర్వాత తెలిసింది: వేళ్ళతో సన్నగా వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో అరనిమిషం అదిమి పట్టుకోవాలి. హారన్ వినపడదేమో అని భయపడ్డాను. హారనూ తగ్గింది, హోరూ తగ్గింది, కాబట్టి హోరులోంచి హారన్ ఎప్పటిలాగే తెలుస్తోంది. ఊళ్ళోకి వచ్చాక, స్పీడ్ తగ్గాక తీసేస్తాను. లాగేయకుండా మెల్లగా తిప్పుతూ తీయండి.

ఇప్పుడు సాయంత్రం మోత లేదు. అంతకుముందు పోయింది ఎంతో, అది ఆడియోమెట్రీ టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుంది. సెమిస్టర్ పరీక్షలయ్యాక వెళ్తాను.

పంతులు గారు ఇంట్లో మనిషిని పెట్టుకుని నేర్చుకున్నారు. నాకు నాయినమ్మ ఇంట్లోనే ఉంది. మగ్గం పని మాటలు, వంటింటి మాటలు, తిట్లు కూడా, ఆమె అన్నవి అన్నట్టు ఫోన్‌లో ఒక ఫైల్‌లో రాస్తున్నాను. నిన్నటికి నలభై ఒకటి అయ్యాయి. అందులో ఒకటి దీర్ఘమా కాదా తేలలేదు. ఇవాళ ఇంటికెళ్ళాక మళ్ళీ అడగాలి.