బీటా కిరణాలను కొలిచిన సన్యాసి

నారాయణఖేడ్: కాంటా మీద తూచి బండికెత్తిన జొన్నలు ఇంటికి చేరేసరికి తగ్గితే రైతు ఊరుకోడు. తగ్గినవి ఎక్కడికి పోయాయని ఆరా తీస్తాడు. పరమాణువు లోపల అటువంటి లెక్కను కొలిచిన తెలుగు శాస్త్రజ్ఞులలో స్వామి జ్ఞానానంద ముఖ్యులు.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలలో యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లిన తరువాత ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయనను భౌతిక శాస్త్రం వైపు మళ్లించింది. ప్రేగ్‌లో ఎక్స్‌రేలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. కాషాయం విడువలేదు, ప్రయోగశాలనూ విడువలేదు.

అటుపై ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పనిచేశారు. ఈ కిరణాలంటే కొన్ని పరమాణు కేంద్రకాల నుండి వెలువడే ఎలక్ట్రాన్లు. ఒకే రకం కేంద్రకం నుండి వచ్చినా వాటి శక్తి ఒక్కతీరుగా ఉండదని చాడ్విక్ 1914లోనే గమనించారు. మిగతా శక్తి ఏమైనట్టు? కంటికి కానరాని మరో కణం దానిని మోసుకుపోతున్నదని 1930లో పౌలీ ఊహించారు. అదే న్యూట్రినో.

దానిని పట్టడానికి అణు రియాక్టరే తగిన చోటు. అక్కడ యురేనియం చీలగా వచ్చిన ముక్కలు బీటా కిరణాలతో పాటు లెక్కలేనన్ని యాంటీ న్యూట్రినోలను వెలువరిస్తాయి. 1956లో అమెరికాలోని సవన్నా రివర్ రియాక్టరు వద్ద రైన్స్, కోవన్ వాటి ఉనికిని రుజువు చేశారు. అదే ఏడు ఆగస్టులో ట్రాంబేలో మన తొలి పరిశోధన రియాక్టరు అప్సర పనిచేయ నారంభించింది.

అప్పటికి జ్ఞానానంద విశాఖలో ఉన్నారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి అణుభౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పి, ఎందరికో కొలిచే విద్య నేర్పారు. 1969లో కన్నుమూశారు. అక్కడి అణు పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు.

నేడు ట్రాంబేలోని ధ్రువ పరిశోధన రియాక్టరు వద్ద యాంటీ న్యూట్రినోలను పట్టేందుకు ఇస్మ్రాన్ అనే పరికరాన్ని రూపొందించారు. ఎంత మందపు గోడైనా వీటిని ఆపలేదు గనుక, వీటిని లెక్కిస్తే రియాక్టరు ఎంత శక్తితో నడుస్తున్నదో బయటి నుండే తెలుసుకోవచ్చు. బాంబులకు పనికివచ్చే ప్లుటోనియంపై నిఘాకూ ఇది అక్కరకు రాగలదు.

మన జిల్లా కందిలోని ఐఐటిలోనూ న్యూట్రినోలపై పరిశోధన సాగుతున్నది. పల్లెటూరిలో పుట్టిన ఒక సన్యాసి అంతటి విద్యను అందుకోగలిగినప్పుడు, ఖేడ్ పిల్లలకు అది అందనిదేమీ కాదు.