జిజ్ఞాసువు మెకారిసన్

తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం సరసనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని పుట్టుక మాత్రం 1918లో, నీలగిరులలోని కూనూరులో, ఒకే ఒక గదిలో. ఆ గదిని ప్రయోగశాలగా మలచినవాడు రాబర్ట్ మెకారిసన్.

1878లో ఐర్లండులో జన్మించిన మెకారిసన్ 1901లో వైద్యుడుగా భారతదేశానికి వచ్చాడు. గిల్గిత్ లోయలో మెడ ఉబ్బే గాయిటర్ వ్యాధిని చూశాడు. ఒకే కాలువ నీరు తాగే పల్లెలలో దిగువకు పోయినకొద్దీ రోగులు పెరగడం ఆయనలో జిజ్ఞాస రేపింది. చికిత్స చేసి ఊరుకొన్నా తప్పుపట్టేవారు లేరు. కాని ఆయన ఆ నీటి మడ్డిని తానే తాగి, ఒప్పుకొన్న మరికొందరికీ ఇచ్చాడు. కొందరి మెడలు ఉబ్బాయి. మరిగించి ఇస్తే ఉబ్బలేదు. సూక్ష్మజీవులే కారణమని ఆయన నిశ్చయించాడు. ఆ నిర్ణయం నిలవలేదు. అయోడిన్ కొరతే ప్రధాన కారణమని, గర్భస్థ శిశువు మెదడును సైతం అది కుంటుపరుస్తుందని తరువాత తేలింది. ఆ లోయలలో బుద్ధి ఎదగని పిల్లలను గూర్చి ఆయన రాసిపెట్టిన వివరాలు మాత్రం విలువైనవే.

కూనూరులో ఆయన దృష్టి ఆహారం మీదికి మళ్లింది. వివిధ ప్రాంతాల భోజనాన్ని ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, కూరగాయలు తిన్నవి ఏపుగా పెరిగాయి. అన్నమే ప్రధానంగా తిన్నవి అంతగా ఎదగలేదు. ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మరి రెండేళ్లకు మెకారిసన్ కన్నుమూశాడు.