ఉప్పు, ఆలుగడ్డ, మన సుబ్బారావు గారు

మాదాపూర్‌లోని మా రూంలో ఆదివారం వంట నాది. మొన్న వేపుడు కోసం ఆలుగడ్డలు తరిగి, ముందే ఉప్పు కలిపి పక్కన పెట్టాను. కాసేపటికి గిన్నె అడుగున నీళ్లు! ముక్కలు మెత్తబడి మూకుడుకి అతుక్కుపోయాయి. బయట ఉప్పు ఎక్కువైతే ముక్కలోని నీరు బయటికి వచ్చేస్తుంది, అంతే.

కానీ అక్కడి నుంచి ఇంకో విషయం చదివాను. ఉప్పులో సోడియం, ఆలుగడ్డలో దండిగా పొటాషియం ఉంటాయి. రెండూ తిన్నాక మన ఒంట్లో సోడియం ఎక్కువగా కణాల బయట, పొటాషియం లోపల ఉంటాయి. అలా ఉంచేది కణం పొరలో ఉన్న ఒక పంపు. మూడు సోడియం అయాన్లని బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెస్తుంది. ప్రతిసారీ దానికి ఒక ఏటీపీ అణువు ఖర్చు. ఆ ఏటీపీని కనుక్కున్నవాళ్లలో భీమవరంలో పుట్టినాయన ఉన్నారని నాకు అప్పటిదాకా తెలీదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. మద్రాసులో డాక్టరీ చదువుతూ ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, పెద్ద డిగ్రీ దక్కలేదు. మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి పోర్టర్‌గా పనిచేస్తూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అయితే కండరాల సారంతో చేసినప్పుడు ఆ రంగు నెమ్మదిగా వచ్చింది. మనమైతే ఏదో ఎర్రర్ అనుకుని మళ్లీ రన్ చేస్తాం. వాళ్లు ఆ ఆలస్యం వెంటే పడ్డారు. మెల్లగా విడిపోతున్న ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. పాలకూర లాంటి ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది. ఆ మందు స్ప్రూ రోగులకి పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత, వాళ్లని తీసుకెళ్లిన జబ్బుకి మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. మళ్లీ ఇండియాకి రాలేదు. ఇక్కడున్న భార్య శేషగిరి గారు 1922 తర్వాత ఆయన్ని చూడనే లేదు. ఆయన విజయాల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ ఒక్క విషయం గుచ్చుకుంటుంది.

ఇప్పుడు నేను వేపుడులో ఉప్పు చివర్లోనే వేస్తున్నాను. ల్యాబ్‌లో అవుట్‌పుట్ తేడాగా వస్తే మాత్రం, వెంటనే చెరిపేయకుండా ఓసారి ఆగి చూస్తున్నాను.