పరదేశంలో మన వకీలు

గాంధీజీ అనగానే మనకు రాట్నం, చేతికర్ర, ఉప్పు సత్యాగ్రహం గుర్తుకొస్తాయి. అంతకుముందు ఆయన దక్షిణాఫ్రికాలో వలసవెళ్ళిన కూలీల, వర్తకుల కాగితాలు చూసిపెట్టిన వకీలన్న సంగతి చాలామందికి తట్టదు.

1869లో పోర్‌బందరులో పుట్టిన మోహన్‌దాస్ 1891లో లండనులో బారిస్టరయ్యారు. బొంబాయి కోర్టులో తొలి కేసుకు లేచి, నోరు పెగలక ఫీజు తిరిగిచ్చేశారు. ఆ బిడియస్థుడే 1893లో ఒక గుజరాతీ వర్తకుని వ్యాజ్యం పనిమీద, ఏడాది ఒప్పందంతో డర్బను చేరారు. 1894లో నేటాలు న్యాయవాదుల సంఘం అడ్డుచెప్పినా, అక్కడి సుప్రీంకోర్టు ఆయనను అడ్వొకేటుగా చేర్చుకుంది.

అక్కడికి 1860లోనే మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకుతోటల కూలీలను చేర్చింది. తరువాతి ఓడల్లో తమిళులతోబాటు మన తెలుగువాళ్ళూ ఎందరో వెళ్ళారు. అయిదేళ్ళ అగ్రిమెంటు, కూలీల నోట గిర్మిట్ అయింది. వేలిముద్ర వేసినవాడికి అందులో ఏముందో తెలియదు. అప్పుడైనా, ఇప్పుడైనా వలసపోయినవాడి సందేహాలు ఇవే: యజమానిని మార్చుకోవచ్చా? గడువు తీరాక ఉండొచ్చా? ఊరెళితే మళ్ళీ రానిస్తారా? పెళ్ళాం బిడ్డల సంగతేమిటి?

మొదటి ప్రశ్నతో వచ్చినవాడు బాలసుందరం అనే తమిళ కూలీ. యజమాని కొట్టిన దెబ్బలకు పళ్ళు విరిగి, నెత్తురోడుతూ వచ్చాడు. మా పల్లెల్లో పాలేరుకు ఆసామి నచ్చకపోతే ఏడాది తిరగ్గానే ఇంకో ఇంట కుదురుకుంటాడు. గిర్మిట్ కూలీ పని వదిలి పోతే మాత్రం నేరం, జైలు! గాంధీజీ ముందు డాక్టరుకు చూపించి సర్టిఫికెట్టు తీసుకున్నారు. తరువాత మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకెళ్ళారు. యజమానిని శిక్షింపజేయడం కాదు, కూలీని విడిపించడమే ఆయనకు కావలసింది. ఒప్పందాన్ని మరొకరి పేర మార్చే వీలు చట్టంలోనే ఉంది. మరో తెల్లదొరను వెతికి అలాగే మార్పించారు. ఈ కబురు తోటతోటకూ పాకి, కూలీలు ఆయన ఆఫీసుకు వరసకట్టారు.

రెండో ప్రశ్నకు 1895 చట్టం కఠినమైన జవాబు చెప్పింది. గడువు తీరినవాడు ఇంటికన్నా పోవాలి, మళ్ళీ గిర్మిట్టన్నా రాయాలి, లేదా ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. నెలకు పద్నాలుగు షిల్లింగులు కూడా దాటని కూలీకి అది నాలుగు నెలల సంపాదన పైమాటే.

మూడో ప్రశ్న ట్రాన్స్‌వాల్‌లో ఎదురైంది. 1903లో ఆయన జోహాన్నెస్‌బర్గులో ఆఫీసు తెరిచేనాటికి, హక్కున్నవాడికి పర్మిట్టు దొరకదు, లంచమిచ్చినవాడికి దొరుకుతుంది. గాంధీజీ సాక్ష్యాలు కూడగట్టి ఇద్దరు అధికారులను కోర్టుకెక్కించారు. జ్యూరీ వాళ్ళను వదిలేసినా ఉద్యోగాలు మాత్రం ఊడాయి. ఆ ఏడే మొదలైన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో చట్టాల సంగతులు మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసేవారు.

1907లో పదివేళ్ళ ముద్రలతో రిజిస్టరు కావాలన్న చట్టం వచ్చింది. అంతవరకూ కాగితం సరిగా నింపడం నేర్పిన వకీలే, ఈ కాగితం తీసుకోవద్దని చెప్పి, తానూ తీసుకోక 1908లో జైలుకెళ్ళారు. ఆ ఆగస్టులో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు మంటల పాలయ్యాయి.

1913లో నాలుగో ప్రశ్న ఇంటిమీదికే వచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళి చెల్లదని కేప్ కోర్టు తీర్పు చెప్పింది. కస్తూర్బా సైతం జైలుకెళ్ళారు. మూడు పౌన్ల పన్నుమీద బొగ్గుగని కూలీలు సమ్మెకట్టి నడిచారు. 1914 చట్టంతో పన్ను పోయింది, పెళ్ళిళ్ళు నిలిచాయి. ఆ జూలైలోనే ఆయన దక్షిణాఫ్రికా వదిలారు.

ఇవాళ మన మిత్రులెందరో పైచదువులకు విదేశాలకు పోతున్నారు. కొందరి వెనుక నాన్న తాకట్టు పెట్టిన పొలం ఉంది. ఏజెంటు చూపినచోట సంతకం పెట్టేముందు ఆ నాలుగు ప్రశ్నలూ అడగాలి. జవాబు చట్టం తెలిసిన వకీలు నోట వినాలి. బాలసుందరానికి ఓడెక్కేముందు అలా చెప్పే మనిషి దొరకలేదు. మనకు దొరుకుతాడు, వెతకాలంతే.