పారిపోయిన పిల్లవాడు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు



ఈసారి గోడపత్రికలో మహనీయుల జీవిత చరిత్ర నా వంతుకు వచ్చింది. గాంధీ గారు, అంబేద్కర్ గారు, కొమురం భీం అయిపోయారు. అందుకని నేను డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకున్నాను. ఆయన గురించి మొదట సైన్స్ టీచర్ గారు చెప్పారు, తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. చదువుతూ ఒకచోట ఆగి మళ్లీ మొదటికి వచ్చిన. ఎందుకంటే ఆయన కూడా పారిపోయారు. కూడా అని ఎందుకు రాశానో ఆరో తరగతి నుండి నాతో ఉన్నవాళ్లకు తెలుసు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పెరిగింది మాత్రం రాజమండ్రిలో. మాది చర్ల అవతల ఊరు. మా రేవులో కనపడే గోదావరే భద్రాచలం మీదుగా, పాపికొండలు దాటి రాజమండ్రి పోతుంది. మేము బట్టలు ఉతికిన నీళ్లే కిందికి ఆయన ఊరికి పోతాయి. అందుకే ఆయన నాకు మరీ దూరపు మనిషి అనిపించలేదు.

గొప్పవాళ్లంటే చిన్నప్పటి నుండి క్లాసులో ఫస్టు అనుకుంటాం గదా. ఈయన కాదు. పదమూడేళ్ల వయసులో చదువు వద్దని ఇంటి నుండి పారిపోయారు. కాశీకి పోయి, అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. వెంకమ్మ గారు ఊరుకోలేదు, వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ పరీక్ష ఒకసారి తప్పారు, రెండోసారి తప్పారు, మూడోసారి మద్రాసులో చదివి పాసయ్యారు. ఈలోపు తండ్రి గారు చనిపోయారు. తల్లి తన నగలు అమ్మి చదివించిందని చెబుతారు. అంత చేస్తే, ఆ తర్వాత ఈయన సన్యాసుల్లో కలుస్తానన్నారు! దానికీ ఆ తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడ గాంధీ గారి మాట విని, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటే వేసుకుని పోయేవారు. ఇంగ్లీషు ప్రొఫెసర్ గారికి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. ఇవ్వక, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందర మళ్లీ వస్తుంది.

ఇంకొక పెద్ద కష్టం వచ్చింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, ఆగని విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా అవుతాడు. ఈయనకూ వచ్చింది. ఆయుర్వేదం చేసే ఆచంట లక్ష్మీపతి గారి మందుతో బతికారు. తన ఇంట్లో మనుషులను తీసుకుపోయిన ఈ జబ్బుల సంగతి తెలుసుకోవాలనే పట్టుదల ఆయనకు అక్కడ మొదలయ్యింది. 1919లో శేషగిరి గారితో పెళ్లి జరిగింది. మామగారు, కొందరు దాతలు డబ్బు సాయం చేయగా ఓడ ఎక్కి 1923 అక్టోబర్ 26న అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలని. మూడేళ్లలో వస్తానని భార్యకు చెప్పి పోయారంటారు. అప్పుడామె కడుపుతో ఉంది.

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను.

కొత్తచోట దిగడం అంటే ఏమిటో మనకు తెలుసు. నేను ఇక్కడ ముదిగొండ వచ్చినప్పుడు నాకు తెలుగు సగమే వచ్చు. మా కోయ భాషలో నీళ్లను ఏరు అంటాం. మొదటి రోజు అన్నం దగ్గర ఎక్కిళ్లు వచ్చి ఏరు కావాలని అడిగిన. పక్కన పిల్లలు నవ్విండ్రు, ఈ పిల్లకు వాగు మొత్తం కావాలంట అని. (ఆ నవ్వినవాళ్లలో ఒకామె ఇప్పుడు నా పక్క మంచం. ఈ పేజీకి బొమ్మలు కూడా ఆమే వేసింది.) బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, రాత్రి లైటు ఆర్పితే చుట్టూ అంతమంది ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టు ఉండేది. మా ఇంటి దగ్గర రాత్రి కుక్కలు, కోళ్లు, మా అవ్వ దగ్గు వినపడేవి. పదో రోజు తెల్లారక ముందే గోడ దూకి రోడ్డు మీదికి పోయి భద్రాచలం బస్సు కోసం కూర్చున్న. చేతిలో అయిదు రూపాయలు. వాచ్‌మన్ తాత వచ్చి, తిట్టకుండా టీ తాగించి తీసుకొచ్చిండు.

సుబ్బారావు గారికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. డాక్టరు చదువు చదివిన మనిషి. అయినా బోస్టన్‌లో దిగేసరికి చేతిలో డబ్బు చాలా తక్కువ, స్కాలర్‌షిప్పు లేదు. అక్టోబర్ చివర అంటే అక్కడ చలికాలం మొదలు, తర్వాత మంచు పడుతుంది. గోదావరి ఒడ్డు మనిషికి మంచు ఎక్కడిది? కూర్చుంటే లేస్తే ఇంగ్లీషు. వాళ్లకు ఇంటిపేరు చివర ఉంటుంది గనుక ఆయన సొంత పేరే అక్కడ ఇంటిపేరు అయ్యింది. ఎల్లాప్రగడ వెనక్కి పోయి డాక్టర్ సుబ్బారో అయ్యారు. నాకూ ఊళ్లో ఒక పేరు, రిజిస్టరులో ఒక పేరు. మొదట్లో హాజరు పిలిస్తే నన్నే అని తెలియక ఊరికే కూర్చునేదాన్ని. ఇంకొకటి, అదే 1923 ఫిబ్రవరిలో మన భారతదేశం వాళ్లు అమెరికా పౌరులు కావడానికి పనికిరారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అలాంటి దేశంలోకి ఆయన పోయారు.

ఎల్.ఎం.ఎస్. గుర్తు పెట్టుకోమన్నాను గదా. ఆ డిగ్రీతో అక్కడ డాక్టరు పని దొరకలేదు. స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ గారు మొదట్లో సాయం చేశారు. తర్వాత బతకడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదిరారు. పని ఏమిటంటే రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం. పగలు చదువు, రాత్రి ఈ పని. ఆయన బ్రాహ్మణుల ఇంట పుట్టినవారు. ఆ రోజుల్లో ఇక్కడే ఉంటే ఆ పాత్రలు ముట్టుకునేవారా? నాకు అనుమానమే. ఇక్కడ ఆ పని ఎవరితో చేయించేవారో అందరికీ తెలుసు. ఆయన గొప్ప మందుల కంటే నాకు ఈ సంగతే ఎక్కువ గుర్తుంది. చిన్నప్పుడు కాశీకి పారిపోయిన ఆయన ఇక్కడి నుండి పారిపోలేదు. ఓడ ఖర్చుకు డబ్బు లేక అని మా ఫ్రెండు అంటుంది. అది కూడా కావచ్చు, నేను కాదనను.

తర్వాత జరిగింది తొందరగా రాస్తాను, చోటు అయిపోతున్నది. 1924లో ఆ చదువు పూర్తి చేసి హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్రంలోకి పోయారు. ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి 1925లో కనుక్కున్నారు. మనం పరుగెత్తినా బిందె ఎత్తినా కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో గుర్తించారు. అదే సమయంలో జర్మనీలో ఇంకొకరు కూడా గుర్తించారు. 1930లో పి.హెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ వాళ్లు పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయి పరిశోధన నడిపించారు.

అక్కడ 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. రక్తం పట్టడానికి అది కావాలి. స్ప్రూ జబ్బుకు కూడా అదే మందు! అన్నదమ్ములు పోయాక ఇరవై ఏళ్లు దాటినాక, వాళ్లను బతికించగల మందు ఆయన చేతికి వచ్చింది. ఆ రోజు ఆయన ఇంటి వాళ్లను తలచుకున్నారా అని నాకు అనిపిస్తుంది.

బోదకాలు మందు హెట్రజాన్ కూడా ఆయన బృందం చేసిందే. ఊళ్లో ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే. మా పెద్దమ్మ వాచిన కాలు తగ్గలేదు, ఎందుకంటే ఆ మాత్ర ఒంట్లో ఉన్న పురుగును చంపుతుంది గానీ ఎప్పటిదో వాపును తీయదు. ముందే మింగితే ఆ వాపు రాదు. పిల్లల రక్త క్యాన్సరుకు మొట్టమొదట కొంచెం పనిచేసిన మందు అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అక్కడి నుండే వచ్చాయి. ఆరియోమైసిన్ కనుక్కున్నది ఆయన కింద పనిచేసిన డగ్గర్ గారు.

వారానికోసారి మనకు నీలం మాత్ర ఇస్తారు గదా, దాంట్లో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. వేపచెట్టు వెనుక ఆ మాత్రలు ఎవరు పారేస్తున్నారో మేడం గారికి నేను చెప్పను. చెట్టుకు మాత్రం రక్తం బాగా పట్టింది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే చనిపోయారు. 1995లో మన దేశం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది.

పుస్తకంలో ఇంతే బాగా రాసి ఉంది. శేషగిరి గారి గురించి రెండు మూడు లైన్లే ఉన్నాయి. ఆయన పోయాక కొడుకు పుట్టాడు, ఏడాది నిండక ముందే జబ్బు చేసి చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. మూడేళ్లు అయ్యాయి, పదేళ్లు, ఇరవై ఏళ్లు అయ్యాయి. ఆయన రాలేదు, ఆమె అక్కడికి పోలేదు. మందు కోసం అంతమంది ఎదురుచూసేది నిజమే. కానీ ఆమె కూడా ఎదురుచూసింది. ఆయన మీద గౌరవం ఉన్నా ఈ విషయంలో నాకు కోపం వచ్చింది, ఆ కోపం రాయకుండా ఉంటే అబద్ధం రాసినట్టు అవుతుంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను ఇంటికి పోయి మా అవ్వను నీళ్లు కావాలని తెలుగులో అడిగిన. నోటికి అదే వచ్చింది. అవ్వ చెంబు ఇచ్చి నా ముఖం వైపు చాలాసేపు చూసింది. పది అయినాక నర్సు చదువుకు ఖమ్మం పోతానంటే, పోయినదానివి మళ్లీ వస్తావా అని కోయలో అడిగింది. వస్తానని చెప్పిన. నమ్మినట్టు లేదు. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఈ కథ అవ్వకు మన భాషలో చెప్పాలి. శేషగిరి గారి దగ్గరికి వచ్చేసరికి ఎట్లా చెప్పాలో ఇంకా అనుకోలేదు. ముందు మాత్రం ఏరు అడుగుతాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి చెల్లెలు